పడుకుని పాడయ్యే యంత్రం

కరెంటు పోతుంది. ఇన్వర్టర్ కాసేపు మోసి, 'కుయ్ కుయ్' మని అరిచి చేతులెత్తేస్తుంది. అప్పుడు గుర్తొస్తుంది... మెట్ల కింద గోనెపట్టా కప్పుకుని కూర్చున్న పాత జనరేటర్! దుమ్ము దులిపి తాడు లాగితే, లాగితే, లాగితే... భుజం పట్టేస్తుంది గానీ అది మాత్రం పలకదు. ఎప్పటికో అంటుకున్నా 'ఊఁ... ఊఁ...' అంటూ ఓసారి పైకీ ఓసారి కిందకీ ఊగుతుంది. ఫ్యాను వేస్తే మూలుగుతుంది. ఫ్రిజ్ వేస్తే ప్రాణం వదిలేస్తుంది. 'ముసలిదైపోయింది, పాత ఇనుముకి వేసేద్దాం' అంటాడు ఇంటాయన. 'పట్టుమని పదిసార్లు కూడా వాడలేదు, అప్పుడే ముసలిదేంటి' అంటుంది ఇంటావిడ.

ఇద్దరిలో ఎవరి మాట నిజం? అసలు జబ్బు ఆవిడ మాటలోనే ఉంది. పట్టుమని పదిసార్లు వాడకపోవడమే ఆ జబ్బు! మిక్సీ రుబ్బీ రుబ్బీ అరుగుతుంది. కుట్టు మిషను కుట్టీ కుట్టీ అరుగుతుంది. చిన్న పెట్రోలు జనరేటర్ సంగతి వేరు. అది పనిచేసి పాడయ్యేదాని కన్నా పడుకుని పాడయ్యేదే ఎక్కువ. అందుకే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన అడిగే మొదటి ప్రశ్న 'ఏమైంది?' అని కాదు, 'స్టార్ట్ చేసి ఎన్నాళ్లైంది?' అని.

అమెరికా బండికీ అదే రోగం

అమెరికాలో మోటార్‌హోమ్ అని ఒక బండి ఉంటుంది. చూడటానికి చిన్న బస్సు. లోపల మంచాలు, వంటగది, ఫ్రిజ్, స్నానాలగది... అన్నీ ఉంటాయి. అక్కడున్న మనవాళ్లూ సెలవులొస్తే ఇలాంటివి అద్దెకు తీసుకుని పిల్లాపాపలతో ఊళ్లు తిరిగొస్తుంటారు. మన దగ్గర సినిమా షూటింగుల్లో తారలు విశ్రాంతి తీసుకునే కారవాన్‌లు దీనికి దగ్గరి చుట్టాలే. అడవిలో ఆపినా ఏసీ తిరగాలి కదా! అందుకని బండికే ఒక జనరేటర్ బిగించి ఉంటుంది.

ఆ బండి ఏడాదిలో ఏ నాలుగు వారాలో రోడ్డెక్కుతుంది. మిగతా కాలమంతా ఇంటి ముందు నిలబడి ఉంటుంది. తీరా ప్రయాణం పెట్టుకున్నాక జనరేటర్ నొక్కితే... అక్కడా ఇదే 'ఊఁ... ఊఁ...'! అందుకే వాటిని తయారుచేసేవాళ్లు ఇచ్చే పుస్తకాల్లో ఒక సలహా తప్పకుండా కనిపిస్తుంది. నెలకోసారి, సుమారు సగం లోడుతో, రెండు గంటలపాటు నడపమంటారు. దానివల్ల లోపలి చెమ్మ ఆరిపోతుంది. ఇంజను భాగాలకు మళ్లీ ఆయిల్ అందుతుంది. కార్బొరేటర్‌లోని పాత పెట్రోలు పోయి కొత్తది వస్తుంది. కరెంటు తయారయ్యే చోట రాగి మీద పట్టిన చిలుము రాలిపోతుంది. మనిషికి పొద్దుటి నడక ఎలాగో దానికి ఇది అలాగన్నమాట.

వాటితో ఇంకో తమాషా ఉంది. చాలా మోటార్‌హోమ్‌లలో జనరేటర్‌కి వేరే ట్యాంకు ఉండదు, బండి ట్యాంకులోంచే తాగుతుంది. కానీ దాని గొట్టాన్ని అడుగు దాకా దించరు, కాస్త పైనే ఆపేస్తారు. ట్యాంకు సుమారు పావువంతుకు దిగేసరికి జనరేటర్ ఆగిపోతుంది, బండి మాత్రం నడుస్తుంది. రాత్రంతా ఏసీ వేసుకుని పొద్దున్నే నడి అడవిలో పెట్రోల్ లేక చిక్కుకుపోకుండా చేసిన ఏర్పాటది. ఈ సంగతి తెలియనివాళ్లు జనరేటర్ పాడైందనుకుని మెకానిక్ కోసం వెతుక్కుంటారు!

పాత పెట్రోలుతోనే పేచీ

పడుకున్న యంత్రం లోపల ఏం జరుగుతుంది? పెట్రోలులో తేలిగ్గా మండే భాగం మెల్లమెల్లగా ఆవిరైపోతుంది. మిగిలింది చిక్కబడి, బంకలా మారుతుంది. కార్బొరేటర్ లోపల జెట్ అని చిన్న ఇత్తడి ముక్క ఉంటుంది. దాని రంధ్రం సన్నటి సూది మొనంత ఉంటుంది. ఇంజను తాగే ప్రతి చుక్కా ఆ రంధ్రంలోంచే వెళ్లాలి. అక్కడ కాస్త బంక పేరుకుంటే చాలు, ఇంజనుకు గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అవుతుంది. ఆ ఆకలితోనే అది పైకీ కిందకీ ఊగుతుంది. మెకానిక్కుల భాషలో 'హంటింగ్'.

ఇప్పుడు దీనికి ఇంకోటి తోడైంది. మన దేశంలో అమ్మే పెట్రోలులో 2022 నాటికి పది శాతం ఇథనాల్ కలిసింది. 2025 నాటికి అది ఇరవై శాతానికి చేరింది. ఇథనాల్‌కు గాలిలోని చెమ్మను పీల్చుకునే గుణం ఉంది. నీరు మోతాదు మించితే ఇథనాల్, నీరు కలిసి విడిపోయి ట్యాంకు అడుక్కి దిగుతాయి. ఇంజనుకు ముందుగా అందేది ఆ అడుగుదే! పైగా పాత జనరేటర్ల రబ్బరు పైపులూ వాషర్లూ ఇంత ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. ఉబ్బుతాయి, మెత్తబడతాయి, పగులుతాయి. కాబట్టి నెలల తరబడి నిల్వ ఉన్న పెట్రోలుతో స్టార్ట్ చేసి, 'పలకడం లేదు' అని యంత్రాన్ని తిట్టి లాభం లేదు.

ముందు పైసా ఖర్చులేనివి

మరమ్మతు అనగానే ఇంజను విప్పక్కర్లేదు. తేలికవాటితో మొదలుపెట్టండి. ఇంజను పూర్తిగా చల్లారి ఉండాలి. ఆరుబయటే చేయాలి. దగ్గర్లో పొయ్యి, అగరొత్తి, సిగరెట్ ఏవీ ఉండకూడదు.

మొదట పాత పెట్రోలు తీసేసి కొత్తది పోయండి. తర్వాత ఆయిల్ చూడండి. చాలా జనరేటర్లలో ఆయిల్ తగ్గితే ఇంజనును దానంతటదే ఆపేసే ఏర్పాటు ఉంటుంది. ఏటవాలు నేల మీద పెట్టినా అది పొరబడి ఆపేస్తుంది. చదునైన చోటికి మార్చగానే బాగుపడిన జనరేటర్లు ఎన్నో!

మూడోది ఎయిర్ ఫిల్టర్. దాని మూత తీస్తే లోపల స్పాంజి ముక్కలాంటిది ఉంటుంది. అది దుమ్ముతో పూడుకుపోతే ఇంజనుకు ఊపిరాడదు, నల్లపొగ వదులుతుంది. సబ్బునీళ్లతో ఉతికి, పూర్తిగా ఆరబెట్టి, కంపెనీ పుస్తకం చెప్పినట్టయితే రెండు చుక్కల ఆయిల్ పట్టించి పిండేసి పెట్టండి. కాగితం రకమైతే ఉతకకూడదు, మార్చేయడమే.

నాలుగోది సైలెన్సర్ గొట్టం. కుమ్మరి పురుగు తెలుసు కదా, గోడల మీద మట్టితో గూళ్లు కడుతుంది. వాడకుండా వదిలేసిన గొట్టం దానికి సొంతిల్లు! పొగ బయటికెళ్లే దారి మూసుకుపోతే ఇంజను పుంజుకోదు. ఎలుకలు వైర్లు కొరికాయేమో కూడా అప్పుడే చూసుకోండి.

ఐదోది ఎవరికీ తట్టనిది... ట్యాంకు మూత. తెనాలిలో మా బాబాయిగారికి జిరాక్స్ షాపు ఉండేది. వేసవి కోతల్లో జనరేటరే దిక్కు. అది బ్రహ్మాండంగా స్టార్టయ్యేది, పావుగంటకల్లా దగ్గి ఆగిపోయేది. కాసేపాగి లాగితే మళ్లీ మామూలే. హాల్‌టికెట్ల సీజన్లో పిల్లలు బారులు తీరి ఉంటే ఆయన తాడు పట్టుకుని చెమటలు కక్కేవారు. ప్లగ్గు మార్చారు, కాయిల్ మార్చారు. చివరికి ఎవరో ముసలాయన వచ్చి ఆగిపోయినప్పుడు ట్యాంకు మూత తిప్పమన్నారు. 'స్స్' మని గాలి లోపలికి పోయింది. మూతలో గాలి వెళ్లే చిన్న రంధ్రం ఉంటుంది, అది మట్టితో పూడుకుపోయింది. పెట్రోలు కిందికి దిగిన కొద్దీ పైన గాలి చేరాలి కదా! చేరకపోతే ధార ఆగిపోతుంది. ఆ పూట మరమ్మతుకైన ఖర్చు ఒక సూది.

ప్లగ్గును నాలుక చూపించమనండి

జ్వరమని వెళ్తే డాక్టరు నాలుక చూస్తారు. ఇంజనుకు నాలుక స్పార్క్ ప్లగ్. ప్లగ్ పానాతో విప్పి దాని మొన చూడండి. లేత గోధుమరంగులో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టే. పొడి మసితో నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. ముందు ఎయిర్ ఫిల్టర్‌ను అనుమానించండి. తెల్లగా పాలిపోయి ఉంటే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ. అంటే జెట్ మూసుకుపోయి ఉండొచ్చు. నల్లగా, జిడ్డుగా తడిసి ఉంటే ఆయిల్ పైకి వస్తోంది. అది రింగుల వ్యవహారం, మెకానిక్ చూడాల్సిందే. మొన దగ్గర ఖాళీ చాలా చిన్న ఇంజన్లకు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు ఉండాలి. మీ జనరేటర్‌కు ఎంతో పుస్తకంలో చూసుకోండి. కొత్త ప్లగ్గు పెద్ద ఖరీదేమీ కాదు కాబట్టి అనుమానం ఉంటే మార్చేయడమే మేలు.

చోక్ చెప్పే రహస్యం

ఇంజను ఊగుతూ నడుస్తోంది. లోపం ఎక్కడో విప్పకుండా తెలుసుకోవడం ఎలా? చోక్ మీటను మెల్లగా సగం మూయండి. చోక్ అంటే గాలిని తగ్గించేది. మూయగానే ఊగడం ఆగి నిలకడగా నడిచిందా? అయితే ఇంజనుకు పెట్రోలు చాలడం లేదన్నమాట. జెట్‌లో బంకైనా ఉండాలి, కార్బొరేటర్ బోల్టులు వదులై పక్కనుంచి గాలైనా దూరుతుండాలి. ముందు బోల్టులు బిగించి చూడండి. చోక్ మూయగానే ఇంకా డీలా పడి నల్లపొగ కక్కిందా? అయితే పెట్రోలు ఎక్కువవుతోంది. చోక్ మీట సగంలో ఇరుక్కుపోయినా ఇలాగే జరుగుతుంది.

జెట్‌లో బంకే అని తేలితే, ముందు పెట్రోలు కాక్ మూసేసి కార్బొరేటర్ కింది గిన్నెకున్న చిన్న స్క్రూ వదులు చేయండి. అందులోని పెట్రోలును గాజు గ్లాసులోకి పట్టండి. అడుగున నీటి బుడిపెలో, వేరే పొరో, తుప్పు నలుసులో కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఒక్కోసారి ఈ కడుగుడుతోనే బాగవుతుంది. లేకపోతే కార్బొరేటర్ విప్పి, క్లీనర్ స్ప్రేతో కడిగి, గాలి కొట్టించాలి. గుండుసూదులు, ఇనుప తీగలు మాత్రం జెట్‌లో దూర్చొద్దు. రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా లెక్క తప్పి, పెట్రోలు నీళ్లలా తాగుతుంది. ట్యాంకు మూతకు పనికొచ్చిన సూది ఇక్కడ శత్రువు!

చాలామంది చేసే ఇంకో పని, ఇంజను ఊగుతోందని వేగం స్క్రూ తిప్పేయడం. ఇన్వర్టర్ రకం కాని మామూలు చిన్న జనరేటర్లు ఎక్కువగా నిమిషానికి 3000 చుట్లు తిరుగుతాయి. అంటే సెకనుకు 50. మన ఇంటి కరెంటు 50 హెర్ట్జ్‌కు అలా సరిపోతుంది. అమెరికాలో 60 హెర్ట్జ్ కాబట్టి అక్కడ అలాంటివే 3600 తిరుగుతాయి. స్క్రూ తిప్పితే ఆ లెక్క చెడుతుంది. వేగం పెరిగితే వోల్టేజీ పెరిగి టీవీ పోవచ్చు. తగ్గితే మోటార్లు వేడెక్కి కాలిపోవచ్చు. మీటరు లేకుండా దాని జోలికి పోవద్దు.

లోడు పెట్టగానే డీలా?

ఖాళీగా బాగా నడిచి, లోడు పెట్టగానే కూలబడుతోందా? ముందు మనం ఎంత బరువు పెడుతున్నామో చూసుకోవాలి. ఫ్యానుకు సుమారు 75 వాట్లు. ఎల్ఈడీ బల్బుకు పదిలోపే. ఫ్రిజ్ నడిచేటప్పుడు వంద, నూటయాభై తీసుకున్నా స్టార్టయ్యే క్షణంలో దానికి కొన్ని రెట్లు లాగుతుంది. ఇండక్షన్ పొయ్యి రెండువేల వాట్ల దాకా వెళ్తుంది. ఒక కేవీఏ జనరేటర్ మీద ఇండక్షన్ పొయ్యి పెట్టి, 'పాతదైపోయింది' అనడం దూడకు బండి కట్టడమే.

ఎత్తు కూడా లెక్కే. పైకెళ్లే కొద్దీ గాలి పలచబడుతుంది. ప్రతి వెయ్యి అడుగులకూ ఇంజను సత్తువ సుమారు మూడున్నర శాతం తగ్గుతుంది. మూడువేల అడుగుల ఎత్తున్న అరకులో పదో వంతు పోయినట్టే! కొండలెక్కే మోటార్‌హోమ్‌లకు ఈ బాధ మరీ ఎక్కువ.

బరువు సరిగానే ఉన్నా డీలా పడుతోందంటే పెద్ద జెట్ మూసుకుపోయి ఉండొచ్చు, వాల్వుల మధ్య ఖాళీ మారి ఉండొచ్చు, లోపల కంప్రెషన్ తగ్గి ఉండొచ్చు. తాడు లాగుతుంటే మునుపటిలా బిగువు తగలకపోవడం కంప్రెషన్ పోయిందనడానికి గుర్తు. ఇంజను చక్కగా తిరుగుతున్నా అసలు కరెంటే రాకపోతే? ముందు దాని మీదున్న బ్రేకర్ పడిపోయిందేమో చూడండి. అది బాగానే ఉంటే కార్బన్ బ్రష్‌లో, కెపాసిటరో, వోల్టేజీని అదుపుచేసే ఏవీఆరో పోయి ఉంటుంది. ఇక అక్కడ చేయి పెట్టకండి. ఆపేసిన తర్వాత కూడా కెపాసిటర్‌లో కరెంటు నిల్వ ఉంటుంది.

ఈ రెండూ మరిచిపోవద్దు

ఇంతవరకూ చెప్పినవి తప్పితే యంత్రం నడవదు, అంతే. ఇప్పుడు చెప్పేవి తప్పితే మనుషులు పోతారు.

మొదటిది పొగ. పెట్రోలు ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగుండదు, వాసనుండదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి, మగత... నిద్రలో ఉన్నవాళ్లు లేవరు. సరిగా నడవని ఇంజను, అందులోనూ నల్లపొగ వదిలేది, ఇంకా ఎక్కువ విషం కక్కుతుంది. వానకు తడుస్తుందని వరండాలోకి, దొంగలెత్తుకుపోతారని గదిలోకి తెస్తుంటారు కొందరు. కిటికీ తీసి పెట్టాం కదా అంటారు. చాలదు! ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ గొట్టం ఇంటికి ఎదురుగా లేకుండా, ఆరుబయట ఉండాలి. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వచ్చిందంటే అందరినీ వెంటనే బయటికి తీసుకొచ్చి, ఆస్పత్రికి తీసుకెళ్లండి. మోటార్‌హోమ్‌లలో పడుకునే చోట ఈ గ్యాసును పసిగట్టే అలారం పెట్టేది అందుకే.

రెండోది ప్లగ్గు. వైరుకు రెండు వైపులా పిన్నులు పెట్టి జనరేటర్ కరెంటును గోడ సాకెట్‌లోకి ఎక్కిస్తుంటారు. ఇల్లంతా ఒకేసారి వెలుగుతుంది, నిజమే. కానీ మెయిన్ ఆపడం మరిచిపోతే ఆ కరెంటు వీధిలోకి పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ అటునుంచి 11 వేల వోల్టులను 230కి దించేదే. ఇటునుంచి 230 వెళ్తే అదే ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని 11 వేలకు పెంచుతుంది! లైను ఆపేశామని నమ్మి స్తంభమెక్కిన లైన్‌మన్ మన ఇంటి కరెంటుకు బలైపోతాడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఊడ్చేసినప్పుడు, 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు మన వీధుల్లో వెలుగు మళ్లీ తెచ్చింది వాళ్లే. వాళ్ల కోసమైనా ఎలక్ట్రీషియన్‌తో చేంజోవర్ స్విచ్ పెట్టించుకోండి. అది ఉంటే వీధి కరెంటు, జనరేటర్ కరెంటు ఎప్పటికీ కలవవు. పెట్టించేదాకా ఫ్యాను, లైటు వైరును నేరుగా జనరేటర్‌కే తగిలించుకోవడం మంచిది.

ఇక వేడిగా ఉన్న ఇంజనులో పెట్రోలు పోయకూడదని వేరే చెప్పాలా!

నెలకో ఆదివారం

తుపాను కబురు వచ్చాక జనరేటర్‌ను బయటికి తీస్తే ఆలస్యమే. అప్పుడు మెకానిక్ దొరకడు, దొరికినా వంద ఇళ్ల తర్వాత మన ఇల్లు. ఇన్సులిన్ ఫ్రిజ్‌లో పెట్టుకునే పెద్దవాళ్లు, ఆవిరి యంత్రం అవసరమయ్యే పిల్లలు ఉన్న ఇళ్లకు ఇది మరీ ముఖ్యం.

నెలలో ఒక ఆదివారం దీనికి కేటాయించండి. ఆయిల్ చూసి, స్టార్ట్ చేసి, నాలుగు ఫ్యాన్లో ఫ్రిజ్జో తగిలించి కాసేపు నడపండి. ఖాళీగా తిప్పితే సరిపోదు, బరువు మోయాలి. ఆపేటప్పుడు పెట్రోలు కాక్ మూసేసి, కార్బొరేటర్‌లో ఉన్నది అయిపోయి దానంతటదే ఆగేదాకా వదిలేయండి. బంక పట్టడానికి అక్కడ ఏమీ మిగలదు. పెట్రోలుతో మొదలుపెట్టి కిరోసిన్‌కు మార్చే పాతరకం ఇంకా ఎవరి దగ్గరైనా ఉంటే, ఆపేముందు మళ్లీ పెట్రోలుకు మార్చి కాసేపు నడిపి ఆపాలి. లేకపోతే మర్నాడు కిరోసిన్‌తో స్టార్ట్ కాదు. నెలల తరబడి వాడమనుకుంటే ట్యాంకు ఖాళీ చేసేయండి. ఆయిల్ చాలా చిన్న ఇంజన్లకు వంద గంటలకో ఆరు నెలలకో, ఏది ముందైతే అప్పుడు మార్చాలి. వాడకపోయినా సరే.

ఆ పని ఇంటాయన ఒక్కడే చేయక్కర్లేదు. తాడు ఎలా లాగాలో, కాక్ ఎటు తిప్పాలో, స్విచ్ ఎటు మార్చాలో ఇంట్లో ఇంకో ఇద్దరికైనా తెలియాలి. గాలివాన వచ్చే వేళకు ఇంట్లో ఎవరుంటారో ఎవరికి తెలుసు? ఎలాగూ ఈరోజు ఆదివారమే... పేపరు చదవడం అయిపోయింది కదా, పిల్లల్ని పిలిచి గోనెపట్టా తీయండి!